చవక స్పోర్ట్స్ కూపే టెస్ట్ డ్రైవ్ ఎలా చేయాలి, బాగుందో లేదో ఎలా కనిపెట్టాలి (జీఆర్86 కొనాలనుకునే వాళ్ళకి)

ఈమధ్య మా డాలస్ వైపు మనవాళ్ళలో చాలామంది టొయోటా జీఆర్86 అనే రెండు డోర్ల స్పోర్ట్స్ కారు గురించి అడుగుతున్నారు. ఇంట్లో ఆల్రెడీ ఒక ఎస్‌యూవీ ఉంది, రెండోది మనసుకి నచ్చింది కొనుక్కుందాం అనుకుని డీలర్ దగ్గరికి వెళ్తారు, సేల్స్ అతను పక్కన కూర్చుని రైట్, రైట్, మళ్ళీ రైట్ తిప్పించి 10 నిమిషాల్లో లాట్‌లోకి తెచ్చేస్తాడు, ఇంటికొచ్చాక ఎలా ఉందిరా అంటే "సూపర్ ఉంది" అంటారు, లేదంటే "ఛీ డాష్‌బోర్డ్ అంతా ప్లాస్టిక్కే" అంటారు. ఈ రెండు మాటల్లో ఏదీ కారు గురించి ఏమీ చెప్పదు.

కొత్తది 30 వేల డాలర్ల దరిదాపుల్లో వచ్చే స్పోర్ట్స్ కారులో కంపెనీ అన్నిచోట్లా డబ్బు పెట్టలేదు, కొన్నిచోట్ల గట్టిగా పెట్టి మిగతాచోట్ల తగ్గించుకుంటుంది. జీఆర్86లో ఆ డబ్బు ఇంజిన్, గేర్‌బాక్స్, స్టీరింగ్, వెనక డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకీ బలం పంచే భాగం), బాడీ బరువు తగ్గించడం మీద పోయింది, డోర్ ప్యానెల్ మీద కాదు. కాబట్టి డబ్బు పెట్టామని వాళ్ళు చెప్పుకునే చోట నిజంగా ఆ నాణ్యత ఉందా, ముఖ్యంగా పాత కారైతే ఆ భాగాలు ఇంకా ఆరోగ్యంగా ఉన్నాయా అన్నదే మీరు టెస్ట్ డ్రైవ్‌లో చూడాల్సింది.

కారు సంగతి కొంచెం తెలుసుకుని వెళ్తే మంచిది. ఇది టొయోటా, సుబారు కలిసి చేసిన కారు, జపాన్‌లో గున్మాలో ఉన్న సుబారు ఫ్యాక్టరీలో తయారవుతుంది, సుబారు పేరుతో బీఆర్‌జెడ్ అని అమ్ముతారు. మొదటి తరం 2012లో వచ్చింది, అమెరికాలో టొయోటా వాళ్ళదే ఇంకో బ్రాండ్ సైయన్ కింద ఎఫ్ఆర్ఎస్ అని అమ్మారు, సైయన్ బ్రాండ్ మూసేశాక 2017 మోడల్ నుంచి టొయోటా 86 అయింది. దాంట్లో 2.0 లీటర్ ఇంజిన్, సుమారు 200 హార్స్‌పవర్. 2022 మోడల్‌తో వచ్చిన రెండో తరం పేరే జీఆర్86, దాంట్లో 2.4 లీటర్లు, 228 హార్స్‌పవర్. రెండింట్లోనూ సిలిండర్లు నిలువుగా కాకుండా అటు రెండు ఇటు రెండు పడుకుని ఉంటాయి, బాక్సర్ ఇంజిన్ అంటారు. ఇంజిన్ బరువు కిందికి ఉండటంతో మలుపుల్లో కారు ఒరగడం తగ్గుతుంది. మొత్తం బరువు సుమారు 2800 పౌండ్లు, ఈరోజుల్లో ఇంత తేలికైన కొత్త కారు దొరకడమే కష్టం.

ఇక మొదటి పని ఫోన్ చేయడం. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "నేను వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు, చల్లగా ఉన్నప్పుడే చూడాలి" అని చెప్పండి. ఇది నేను అనుభవంతో చెప్తున్నా. కొన్నేళ్ళ క్రితం ఒక పాత కూపే చూడ్డానికి వెళ్తే కారు ముందే గేటు దగ్గర రెడీగా పెట్టారు, ఇంజిన్ రన్ అవుతోంది, ఏసీ వేసి ఉంది, ఎండలో నడిచొచ్చిన నాకు అది మర్యాదలాగే అనిపించింది. డ్రైవ్ అంతా బాగానే సాగింది. అదృష్టం ఏంటంటే ఆరోజు సంతకం పెట్టలేదు, మర్నాడు పొద్దున షోరూమ్ తెరిచే టైముకి చెప్పకుండా వెళ్ళి స్టార్ట్ చేయమన్నా. మొదటి అర నిమిషం కింద నుంచి టకటకటక అని ఇనుము కొట్టుకుంటున్న చప్పుడు, ఆయిల్ వేడెక్కే కొద్దీ సన్నబడిపోయి రెండు మూడు నిమిషాలకి అసలు లేదు. ముందురోజు నాకు దాచింది అదే. అప్పటినుంచి ఏ కారు దగ్గరికి వెళ్ళినా పలకరింపులు కాకముందే బానెట్ మీద చెయ్యి పెడతా. డాలస్ ఎండలో బానెట్ ఎలాగూ కాలుతుంది కదా అంటారేమో, అందుకే పొద్దున్నే వెళ్ళండి, లేదా ముందు గ్రిల్ దగ్గర చెయ్యి పెట్టి లోపల్నుంచి వేడిగాలి వస్తోందేమో చూడండి.

దారి కూడా మీరే ముందు అనుకుని వెళ్ళాలి. నాకు కావాల్సింది నాలుగు రకాల రోడ్డు: నెమ్మదిగా వెళ్ళే కాలనీ రోడ్డు, గతుకులున్న పాత రోడ్డు ముక్క, హైవే ఎక్కే గుండ్రటి ర్యాంపు, కనీసం 10 నిమిషాల హైవే. గూగుల్ మ్యాప్స్‌లో పెట్టుకుని "ఇలా వెళ్దాం, ఒక 40 నిమిషాలు" అని అడగండి. ఒప్పుకోకపోతే వేరే డీలర్ ఉంటాడు. లైసెన్స్, మీ ఇన్సూరెన్స్ కార్డు తీసుకెళ్ళండి, పల్చటి సోల్ ఉన్న షూ వేసుకోండి, లావు సోల్‌తో క్లచ్ ఎక్కడ పట్టుకుంటోందో కాలికి తెలియదు.

వెళ్ళగానే లోపల కూర్చోకండి. చుట్టూ ఒక రౌండ్ నింపాదిగా నడవండి. మన టెక్సస్‌లో ముందు చూడాల్సింది వడగళ్ళ దెబ్బలు. ఎండ ఏటవాలుగా పడేటట్టు నిలబడి రూఫ్ మీద ప్రతిబింబం చూస్తే చిన్న చిన్న సొట్టలు అలల్లా కనపడతాయి. రెండో తరం కారులో రూఫ్, బానెట్, ముందు ఫెండర్లు అల్యూమినియం, అందుకని పుట్టీ ఉందేమో చూద్దామని అయస్కాంతం తీసుకెళ్తే అక్కడ అతుక్కోదు, దాన్ని చూసి కంగారు పడొద్దు. కానీ అల్యూమినియం మీద సొట్ట తీయడం ఉక్కు మీద కంటే కష్టం, ఖర్చు కూడా ఎక్కువ, ధర మాట్లాడేటప్పుడు ఇది గుర్తుండాలి.

తర్వాత టైర్లు. పక్కన డాట్ (DOT) అని ఉన్న వరసలో ఆఖరి నాలుగు అంకెలు చూడండి, 2322 అని ఉంటే 2022లో 23వ వారం తయారైంది అని. నాలుగూ ఒకే కంపెనీవేనా, ఒకే రకమా? వెనక రెండు మాత్రమే కొత్తగా ఉంటే ఆ కారుని ఎలా తిప్పారో కొంత అర్థమవుతుంది. టైరు అంచులు గరుకుగా రంపపు పళ్ళలా అరిగి ఉన్నా, చక్రం లోపలి ప్లాస్టిక్ మీద కరిగిన రబ్బరు ఉండలు అతుక్కుని ఉన్నా, బ్రేక్ డిస్కు నీలం రంగుకి తిరిగి ఉన్నా అది బహుశా రేసు ట్రాక్ మీదికి వెళ్ళొచ్చింది. అది నేరమేం కాదు, కొత్త జీఆర్86 కొన్నవాళ్ళకి టొయోటానే ఏడాది పాటు నాసా మెంబర్‌షిప్ ఇచ్చి ఒక ట్రాక్ డే ఫ్రీగా ఇస్తుంది (రాకెట్లు పంపే నాసా కాదు, నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్). ట్రాక్ మీద తిప్పాక ఆయిల్ మార్చాడా, రసీదు ఉందా అని మాత్రం అడగాలి. 

డోర్ తెరవండి. దీనికి అద్దం చుట్టూ ఫ్రేమ్ ఉండదు, హ్యాండిల్ లాగగానే అద్దం కొంచెం కిందికి దిగి, డోర్ వేశాక పైకెళ్ళి రబ్బరులో కూర్చోవాలి. రెండు వైపులా రెండేసి సార్లు చేసి చూడండి. అది సరిగ్గా కూర్చోకపోతే హైవే మీద చెవి పక్కన ఈల వేస్తుంది, వానకి లోపల తడుస్తుంది. మొదటి తరం కార్లలో వెనక లైట్ల లోపల తేమ పట్టడం మామూలుగా కనపడే విషయం, అది కూడా చూసుకోండి.

ఇప్పుడు కూర్చోండి. సీటు ఎంత కిందికి ఉంటుందంటే మన అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తే ఎక్కడం దిగడం నిజంగా ఇబ్బంది, మోకాళ్ళ నొప్పులుంటే ఈ కారు ఎక్కించొద్దు. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి, స్టీరింగ్ పైన మణికట్టు పెడితే భుజం సీటుకి ఆని ఉండాలి. ఈ పొజిషన్ కుదిరిందో లేదో ఇక్కడే తేలిపోవాలి, కుదరకపోతే మిగతా ఎంత బాగున్నా వదిలేయండి. వెనక సీట్లు పేరుకే, ముందు పొడుగు మనిషి కూర్చుంటే వెనక కాళ్ళకి చోటు ఉండదు. పిల్లలుంటే మీ చైల్డ్ సీటు తీసుకెళ్ళి అక్కడే పెట్టి చూడండి, సిగ్గుపడక్కర్లేదు. వెనక సీటు మడిస్తే మాత్రం నాలుగు చక్రాలు పట్టేంత చోటు వస్తుంది, కాస్ట్‌కో సామానుకి ఢోకా లేదు.

స్టార్ట్ చేసే ముందు ఫోన్ రికార్డింగ్ ఆన్ చేయండి, రేడియో, ఏసీ రెండూ ఆపండి, అద్దాలు దించండి. స్టార్ట్ చేశాక ఒక నిమిషం ఎవరితో మాట్లాడకుండా వినండి, సేల్స్ అతన్ని కూడా మాట్లాడొద్దని చెప్పండి. ఈ ఇంజిన్‌కి కొన్ని చప్పుళ్ళు సహజం, వాటికి భయపడి మంచి కారు వదులుకోకూడదు. కుట్టుమిషన్‌లా సన్నగా టిక్ టిక్ అంటే అది ఇంజెక్టర్లు. మొదటి తరంలో ఫ్యూయల్ పంపు అచ్చం రాత్రిపూట కీచురాయి అరిచినట్టు అరుస్తుంది, ఓనర్లు దాన్ని కీచురాళ్ళు అనే పిలుస్తారు, చిరాకే గానీ ప్రమాదం కాదు. క్లచ్ వదిలి ఉన్నప్పుడు కిచకిచ వచ్చి, పెడల్ మీద కాలు ఆనిస్తే ఆగిపోతోందంటే అది రిలీజ్ బేరింగ్, దానికోసం గేర్‌బాక్స్ దింపాలి కాబట్టి ధరలో తగ్గించమనాలి. కానీ లోతు నుంచి బరువుగా టక్ టక్ అని వచ్చి, యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కితే దాంతోపాటే వేగం పెరిగిందా, ఆపేసి దిగిపోండి. ఇంకో మాట మాట్లాడొద్దు.

మన దగ్గర మాన్యువల్ నేర్చుకుని ఇక్కడ ఏళ్ళ తరబడి ఆటోమేటిక్ నడిపిన వాళ్ళకి ఒక చిన్న హెచ్చరిక. పెడల్స్ వరస అదే, కానీ గేర్ కుడిచేతికి వస్తుంది. రోడ్డెక్కే ముందు లాట్‌లో ఇంజిన్ ఆపి 10 సార్లు గేర్లు మార్చండి. రివర్స్‌కి నాబ్ కింద ఉన్న రింగు పైకి ఎత్తి ఎడమకి తోసి ముందుకి వేయాలి, ఫస్ట్ పక్కనే ఉంటుంది, రింగు ఎత్తకపోతే పడదు.

మొదటి 10 నిమిషాలు నెమ్మదిగానే. డిస్‌ప్లేలో ఆయిల్ టెంపరేచర్ చూపించే కారైతే అది కనీసం 160 ఫారెన్‌హీట్ దాటేదాకా ఇంజిన్‌ని గట్టిగా తిప్పొద్దు. వాళ్ళ కారే కదా అనుకోకండి, రేపు అది మీదే కావచ్చు. కొత్త కారైతే మొదటి 1000 మైళ్ళు బ్రేక్-ఇన్ పీరియడ్, అసలు రెడ్‌లైన్ (మీటర్ మీద ఎర్ర గీత) దాకా తీసుకెళ్ళొద్దు, కాబట్టి ఇంజిన్ పూర్తి సత్తా చూడాలంటే కొంచెం తిరిగిన యూజ్డ్ కారు ఒకటి విడిగా నడపండి. చల్లగా ఉన్నప్పుడు ఈ గేర్‌బాక్స్‌లో సెకండ్ గేర్ మొండికేస్తుంది, పడటానికి కాస్త బలం అడుగుతుంది, అది దీని స్వభావం. వేడెక్కాక కూడా సెకండ్ గానీ థర్డ్ గానీ వేస్తుంటే గరగర మని పళ్ళు రాసుకున్నట్టు వస్తే మాత్రం లోపల సింక్రో (గేరు చప్పుడు లేకుండా పడేలా చేసే రింగు) అరిగిపోయినట్టు. థర్డ్ నుంచి సెకండ్‌కి దింపి చూడండి, తప్పు ఉంటే అక్కడే బయటపడుతుంది.

క్లచ్ చూడాలంటే ఖాళీ రోడ్డు మీద ఫోర్త్ గేర్‌లో 35 మైళ్ళ దగ్గర యాక్సిలరేటర్ మొత్తం తొక్కండి. వేగం, ఆర్‌పీఎం రెండూ కలిసి నెమ్మదిగా పెరగాలి. ఆర్‌పీఎం ముల్లు పైకి లేచిపోయి కారు మాత్రం అక్కడే ఉంటే క్లచ్ జారుతోంది.

గతుకుల రోడ్డు మీద వినాల్సింది రెండు రకాల చప్పుళ్ళు. ప్లాస్టిక్ కిరకిరలు వస్తాయి, ఈ ధరలో వస్తాయి, సర్దుకోవచ్చు. కింద నుంచి ఠప్ ఠప్ మని వస్తే సస్పెన్షన్ జాయింటో, మౌంటో పోయింది. కారు గట్టిగా ఉండటం వేరు, వదులుగా ఉండటం వేరు. మంచి స్పోర్ట్స్ కారు గుంత మీద ఒక్కసారి దెబ్బ కొట్టి వెంటనే నిలబడుతుంది, పాడైంది రెండు మూడు సార్లు ఊగుతుంది. మన డాలస్ కాంక్రీట్ హైవేల మీద జాయింట్ల దగ్గర టక్ టక్ టక్ మని వచ్చే చప్పుడు ఈ కారులో బాగా లోపలికి వస్తుంది, రోజూ 40 మైళ్ళు ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు ఫోన్ బ్లూటూత్‌లో ఒక కాల్ మాట్లాడి చూడండి, అవతలి వాళ్ళకి వినపడుతోందా అని. నాకైతే ఈ కారులో నిజమైన లోపం ఈ టైరు హోరే, దీన్ని తక్కువ చేసి చెప్పను.

హైవే ఎక్కే ముందు వచ్చే గుండ్రటి ర్యాంపు ఈ మొత్తం డ్రైవ్‌లో ముఖ్యమైన చోటు. వెనకాల ఎవరూ లేనప్పుడు, బోర్డు మీద రాసిన వేగం దాటకుండా, ఒకే స్పీడులో ఒకే కోణంలో స్టీరింగ్ పట్టుకుని తిరగండి. మంచి స్టీరింగ్ అయితే మీరు ఒకసారి తిప్పి పెట్టాక మళ్ళీ మళ్ళీ సవరించక్కర్లేదు, వేళ్ళకి రోడ్డు తెలుస్తూ ఉంటుంది, ముందు టైరు ఎంత పట్టుకుందో బరువు రూపంలో చేతికి చెప్తుంది. ర్యాంపు చివర మెల్లిగా గ్యాస్ ఇస్తే వెనక భాగం కుంగి కారుని ముందుకి నెడుతుంది, ముందు చక్రాలకి బలం వెళ్ళే కార్లకి అలవాటు పడ్డవాళ్ళకి ఇది కొత్తగా ఉంటుంది, వీపుకి తెలుస్తుంది. రెండు వెనక చక్రాలకీ బలం పంచే టోర్సెన్ డిఫరెన్షియల్ పని చేసేది ఇక్కడే. బీఆర్‌జెడ్ కూడా నడిపి చూడండి, ఇంజిన్ అదే అయినా సస్పెన్షన్ సెట్టింగు వేరు, జీఆర్86 వెనక భాగం కొంచెం చలాకీగా కదులుతుంది, బీఆర్‌జెడ్ నెమ్మదస్తురాలు. కారు జారకుండా కాపాడే స్టెబిలిటీ కంట్రోల్ మాత్రం టెస్ట్ డ్రైవ్‌లో ఆపొద్దు, వాన పడుతుంటే అస్సలు వద్దు.

హైవే మీద 60 దగ్గర వెనక ఖాళీ చూసుకుని మధ్యస్థంగా బ్రేక్ వేయండి, స్టీరింగ్ వణికితే డిస్కులు సమంగా లేవు. సమతలంగా ఉన్న చోట చేతులు తేలిగ్గా వదులు చేస్తే కారు తిన్నగా పోవాలి, రోడ్డు వాలుకి కొంచెం కుడికి జరిగితే అది వేరే సంగతి, లేన్ మార్చి మళ్ళీ చూడండి. మలుపులో ఒకవైపు తిరిగినప్పుడు మాత్రమే హోరు పెరుగుతోందంటే వీల్ బేరింగ్. ఇంజిన్ లాగుడు కూడా ఇక్కడే: మొదటి తరంలో 3500 నుంచి 4500 ఆర్‌పీఎం మధ్యలో బలం తగ్గిపోయి మళ్ళీ వస్తుంది, అది రిపేరు సమస్య కాదు, ఆ ఇంజిన్ అంతే. రెండో తరంలో 3700 దగ్గరే పూర్తి టార్క్ (లాగే బలం) వస్తుంది కాబట్టి ఆ గుంట ఉండదు, ఉందంటే ఎవరో ఇంజిన్ ట్యూన్ మార్చారేమో అడగండి. లోపల వినపడే ఇంజిన్ శబ్దంలో కొంత స్పీకర్ల నుంచి వచ్చేదే, అందుకే అసలు సౌండ్ వినాలంటే అద్దాలు దించి గోడ పక్కన వెళ్ళండి.

తిరిగొచ్చాక వెంటనే ఆపేయకుండా రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, ఆపి, బానెట్ ఎత్తి వాసన చూడండి. కాలిన ఆయిల్ వాసనో, తియ్యగా కూలెంట్ వాసనో వస్తే లీకు ఉన్నట్టే. లోపల ఎలా ఉందో చూడాల్సింది ఇప్పుడు, చివర్లో, ఎందుకంటే ముందే చూస్తే మనసు దాని మీదికే పోతుంది. సీటు పక్క కుట్లు, స్టీరింగ్ తోలు, గేర్ బూట్, హ్యాండ్ బ్రేక్ ఎన్ని పళ్ళకి పట్టుకుంటోంది, ఇవి రోజూ చెయ్యి తగిలే చోట్లు, ఇవి బాగుండాలి. డాష్‌బోర్డ్ గట్టి ప్లాస్టిక్ అయితే అవనివ్వండి.

యూజ్డ్ అయితే ఇంకో రెండు పనులు తప్పవు. వీఐఎన్ (ప్రతి కారుకీ ఉండే గుర్తింపు నంబర్) ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అనే అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ సైట్‌లో కొట్టి రీకాల్స్ (కంపెనీ వెనక్కి పిలిచి ఉచితంగా చేసే రిపేర్లు) చూడండి, మొదటి తరం తొలి కార్లకి వాల్వ్ స్ప్రింగ్‌ల రీకాల్ ఉంది, అది చేయించారా, చేయించాక ఎన్ని మైళ్ళు తిరిగింది అని కనుక్కోవాలి, ఎందుకంటే ఆ పనికి ఇంజిన్ చాలా వరకు విప్పాలి, చేసిన చేతిని బట్టి ఉంటుంది. రెండో తరంలో ఇంజిన్ అతికించిన సీలెంట్ ముక్కలు ఊడి ఆయిల్ పికప్ జల్లెడలో కనపడ్డాయని ఓనర్లు ఫొటోలు పెట్టారు, కాబట్టి మీకు తెలిసిన సొంత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి లిఫ్ట్ ఎక్కించి చూపించండి. డీలర్ మెకానిక్ రిపోర్టు కాదు, మీ మెకానిక్. ఆ ఖర్చుకి వెనకాడొద్దు, తీసుకెళ్ళనివ్వం అంటే ఆ కారు వద్దు.

డబ్బు మాట ఆరోజు మాట్లాడొద్దు. "నచ్చింది, ఆలోచించి చెప్తా" అని ఇంటికొచ్చి ఓటీడీ (అవుట్ ద డోర్) ధర మెయిల్‌లో పంపమనండి, అంటే టెక్సస్ సేల్స్ ట్యాక్స్ 6.25 శాతం, టైటిల్, డాక్యుమెంట్ల ఫీజు అన్నీ కలిపి ఆఖరి అంకె. మార్కెట్ అడ్జస్ట్‌మెంట్ (డీలర్ పైన వేసుకునే అదనం) అని, టైర్లలో నైట్రోజన్ అని, పెయింట్ ప్రొటెక్షన్ అని లైన్లు కనపడితే ఒక్కొక్కటి తీసేయమని అదే మెయిల్‌కి రిప్లై కొట్టండి. ఈలోగా ఇన్సూరెన్స్ వాళ్ళకి ఆ వీఐఎన్ ఇచ్చి కోట్ తెప్పించుకోండి, ప్రీమియం గ్యాస్ ఖర్చు కూడా నెలకి ఎంతవుతుందో వేసుకోండి, రెండూ మీ సెడాన్ లెక్కకి రావు. ఆఖరి అంకె ఒప్పుకున్నారా, అప్పుడు ఒకరోజు పొద్దున్నే, షోరూమ్ తెరవగానే, చెప్పకుండా వెళ్ళి ఇంజిన్ ఇంకోసారి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి ఆ మొదటి అర నిమిషం విని, ఫోన్‌లో ఉన్న పాత రికార్డింగ్‌తో పోల్చుకుని, తర్వాత లోపలికి వెళ్ళి పెన్ను అడగండి.